లిటిల్ ఫారెస్ట్ పాత కందకాల అధ్యయనం – నల్లరేగడిలో చిన్న నమూనా కందకం తవ్వాలంటే ఏమేం చూసుకోవాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)

సిడ్నీ నగరం దక్షిణపు శివార్లలో, లూకాస్ హైట్స్ అణు పరిశోధన కేంద్రం పక్కన లిటిల్ ఫారెస్ట్ అనే చోటు ఉంది. 1960 నుంచి 1968 దాకా తక్కువ స్థాయి రేడియోధార్మిక వ్యర్థాలను అక్కడ కందకాలు తవ్వి పూడ్చారు. మొత్తం 79 కందకాలు. ఒక్కోటి సుమారు 25 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. కందకానికీ కందకానికీ 2.7 మీటర్ల ఎడం. పైన ఒక మీటరు మట్టి కప్పారు. అడుగున ఉన్నది బంకమట్టి, షేలు (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాయి). నీళ్లు దిగవు కాబట్టి వ్యర్థం కదలదని అప్పటి నమ్మకం.

తర్వాత ఒక పాత కందకంలోకి గొట్టం దింపి నీటిమట్టం గమనిస్తే, పెద్ద వాన పడ్డప్పుడల్లా నీళ్లు వేగంగా పైకి లేచి, అప్పుడప్పుడూ నేలమట్టాన్ని తాకుతున్నాయని తేలింది. తొట్టి నిండి పొర్లినట్టు పొర్లుతున్నాయి. దాంతోపాటు ప్లుటోనియం పైమట్టిలోకి వచ్చింది.

మన జిల్లాల్లో అలాంటి స్థలం ఉందని ఈ చర్చ పెట్టడం లేదు. ఊరిబయట బంకనేలలో గుంటలు తీసి ఏదో ఒకటి పూడ్చే అలవాటు మనకూ ఉంది కదా, అందుకని. కందుకూరు వైపు నల్లరేగడిలో పీజీ విద్యార్థుల చేత ఒక చిన్న కందకం తవ్వించి, రేడియోధార్మికత జోలికి పోకుండా, నీళ్లతోపాటే కదిలే బ్రోమైడ్ ఉప్పుతో ఇదే సంగతి పరీక్షించాలని ఉంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు అన్నీ అమరాలి. కొలతలు, గొట్టం, నీటి నమూనాలు, మట్టి నమూనాలు, దేని గురించి తెలిసినవాళ్లు దాని గురించి చెప్పండి.

బోరులెక్క (పొదిలి)

మంచి పని సార్. తవ్వే ముందు కాగితం మీద నీటిలెక్క వేయించండి, సగం విషయం అక్కడే తేలిపోతుంది.

లిటిల్ ఫారెస్ట్ కందకంలో మీటరు కప్పు తీసేస్తే వ్యర్థం ఉన్న జాగా 25 × 0.6 × 2 = 30 ఘనపు మీటర్లు. అందులో ఖాళీ 30 శాతం అనుకుందాం (ఇది నా అంచనా). అంటే 9 ఘనపు మీటర్ల నీళ్లు పడితే నిండుతుంది. కందకం నెత్తిన పడే వాన మాత్రమే లోపలికి పోతుందనుకుంటే, 15 చదరపు మీటర్ల మీద 100 మి.మీ. వానకు వచ్చేది 1.5 ఘనపు మీటర్లే. నిండాలంటే 600 మి.మీ. కావాలి. కానీ ఒక్కో కందకం వంతుకు వచ్చే నేల (25 × 2.7) దాదాపు 67 చదరపు మీటర్లు. ఆ నేల మీద పడ్డ నీళ్లన్నీ మెత్తటి కప్పు వైపు జారితే, అదే 100 మి.మీ.కి 6.7 ఘనపు మీటర్లు చేరతాయి. ఒక్క గట్టి వానకే ముప్పాతిక వంతు నిండినట్టు. చుట్టూ బంకమట్టి ఎంత గట్టిగా ఉంటే అంత తొందరగా నిండుతుంది, ఎందుకంటే పోయే దారి లేదు. తవ్వి పూడ్చిన కప్పు మాత్రం ఎప్పుడూ తవ్వని నేలకంటే వదులుగానే ఉంటుంది.

మీ నమూనాకు నా సలహా: 2 మీ. పొడవు, 0.6 మీ. వెడల్పు, 1.2 మీ. లోతు. అడుగు నుంచి 0.9 మీ. దాకా 40 మి.మీ. కంకర, పైన 0.3 మీ. తవ్విన మట్టే. కంకరలో ఖాళీ 40 శాతం వేసుకుంటే 432 లీటర్లు పడతాయి. నెత్తిన పడే వాన 100 మి.మీ.కి 120 లీటర్లు. అంటే 360 మి.మీ.కి నిండాలి. మీది 120 మి.మీ.కే నిండిందంటే మిగతా నీళ్లు పక్కనుంచి వచ్చినట్టే. ఆ తేడానే మీ ఫలితం.

ఇలాంటివి రెండు తవ్వండి. ఒకదాని కప్పు చదునుగా వదిలేయండి. రెండోదానిమీద కప్పును గుట్టగా, అన్ని వైపులా అర మీటరు బయటికి దిగేలా పోసి, చుట్టూ చిన్న కాలువ తీయండి. రెంటికీ మధ్య కనీసం 10 మీటర్లు ఉండాలి, రెండూ ఒకే వాలులో ఒకదాని కింద ఒకటి ఉండకూడదు.

నల్లరేగడి (కందుకూరు)

లోతు 1.2 మీటర్లు అన్నారు కాబట్టి సరిపోయింది. 3 మీటర్లు తవ్వుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దన్నా. 0.6 మీటర్ల వెడల్పులో మనిషి దిగితే వంగడానికి కూడా చోటుండదు. ఎండాకాలంలో గోడ రాయిలా నిలబడ్డట్టే ఉంటుంది, ఒక జల్లు పడితే పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. మీటరున్నర దాటితే పలకలు, అడ్డుదూలాలు లేకుండా ఎవర్నీ దించకూడదు. తీసిన మట్టి అంచుకు మీటరు దూరంలో పోయాలి.

ఇంకో సంగతి. మన నేల ఏప్రిల్, మే నెలల్లో నెర్రెలిస్తుంది. కొన్ని నెర్రెలు మీటరు లోతు దాటుతాయి. మొదటి వాన నీళ్లు నేల మీద పారవు, నేరుగా ఆ నెర్రెల్లోకే పోతాయి. మీరు నెర్రెలున్న నేలలో కందకం తవ్వి మొదటి వానకే కొలతలు మొదలుపెడితే, నీళ్లు ఇటు లోపలికి వచ్చేవీ నెర్రెల్లోంచే, అటు బయటికి పోయేవీ నెర్రెల్లోంచే. నిండనే నిండదు. జూలై, ఆగస్టు జల్లులకు నేల ఉబ్బి మూసుకున్నాక కొలిస్తే లెక్క పూర్తిగా వేరు. రెండూ నిజమే, కానీ కలిపి సగటు తీయకూడదు. నెర్రెల వెడల్పు, లోతు వారానికోసారి రాసుకోండి. సన్నటి ఇనుప కమ్మి దించి ఎంత లోతు పోతే అంత.

గామా_గూడూరు

బ్రోమైడ్ పరీక్షకు రేడియోధార్మికత కొలిచే నా పని అక్కర్లేదు, కానీ లిటిల్ ఫారెస్ట్‌లో మట్టి నమూనాలు ఎట్లా తీశారో అది మాత్రం యథాతథంగా నేర్చుకోవాల్సిందే. కందకపు గొట్టం దగ్గర పైమట్టిలో దొరికిన అత్యధిక ప్లుటోనియం కిలోకు 829 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలమానం). అది 0–1 సెం.మీ. పొరలో. మన దగ్గర అలవాటేమిటి? ఆగరు (మట్టి తీసే బరమా) దించి 0–30 సెం.మీ. మట్టి అంతా ఒకే సంచిలో వేసి కలిపేస్తాం. ఆ 829ని మిగతా 29 సెం.మీ. శుభ్రమైన మట్టితో కలిపితే 28 దాకా పడిపోతుంది. జరిగింది ఏమిటో ఆ అంకె చెప్పదు. పొర్లిన నీళ్లు పైపొరలోనే తమ జాడ వదులుతాయి కాబట్టి పొరలుగా గీయాలి.

25 × 25 సెం.మీ. ఇనుప చట్రం చేయించండి, వెల్డింగ్ షాపులో చేసిస్తారు. నేలలో కొట్టి, తాపీతో 0–1, 1–2, 2–5, 5–10 సెం.మీ. పొరలు వేరువేరుగా తీయండి. ఒక సెం.మీ. పొరకే ముప్పావు కిలో పైచిలుకు వస్తుంది, సరిపోతుంది. ప్రతి పొరకూ తాపీ కడిగి తుడవాలి. కింది పొర తీసే ముందు గోడల నుంచి రాలిన మట్టిని ఊడ్చి పారేయాలి, లేకపోతే పైపొర మట్టి కింద పొరలో కలిసి లోతుకు దిగిందని తప్పుగా రాసుకుంటారు. కందకం అంచు నుంచి వాలు వైపు 0.5, 1, 2, 5, 10, 20 మీటర్ల దగ్గర, ఎగువన రెండు చోట్ల. అక్కడ వాలు కిందికి పదుల మీటర్ల దాకా ప్లుటోనియం కనిపించింది.

పెన్నాగట్టు (నెల్లూరు)

ప్లుటోనియం అంటే ప్రపంచమంతటా బాంబు పరీక్షల ధూళి కూడా ఉంటుంది కదా. కందకానిది, ధూళిది ఎట్లా వేరుచేస్తారు?

గామా_గూడూరు

1950, 60 దశకాల్లో వాతావరణంలో జరిపిన బాంబు పరీక్షల వల్ల సీజియం‑137, ప్లుటోనియం రెండూ భూమ్మీద అన్నిచోట్లా కొద్దికొద్దిగా ఉన్నాయి, నెల్లూరు మట్టిలో కూడా. వేరుచేసేది నిష్పత్తులు. ప్లుటోనియం‑240కీ 239కీ పరమాణువుల నిష్పత్తి ధూళిలో దాదాపు 0.18. వేరే మూలమైతే వేరే అంకె వస్తుంది. ఇది మాస్ స్పెక్ట్రోమీటరు పని, ఆల్ఫా స్పెక్ట్రోమీటరులో ఆ రెండింటి శిఖరాలూ కలిసిపోతాయి. అందుకే పేపర్లలో 239+240 అని కలిపి రాస్తారు. ఆల్ఫాలో ఇంకో ఇబ్బంది, ప్లుటోనియం‑238, అమెరీషియం‑241 రెండూ 5.5 మెగా ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గరే పడతాయి. ముందే రెసిన్ స్తంభంలో రెంటినీ విడదీయకపోతే ఒకదాని లెక్క ఇంకోదానికి రాస్తారు.

గామా కిరణాలతో కొలిస్తే సీజియం శిఖరం 661.7 కిలో ఎలక్ట్రాన్ ఓల్టులు, కోబాల్ట్‑60కి 1173, 1332. అమెరీషియం 59.5 దగ్గర, అంత తక్కువ శక్తిని మట్టే మింగేస్తుంది, నమూనా మందం మారితే దిద్దుబాటు తప్పదు.

గూడూరు, సైదాపురం వైపు ఎవరైనా పోల్చడానికి మట్టి తీస్తే ఒక మాట: అభ్రకపు గనుల పెగ్మటైట్లలో (పెద్ద స్ఫటికాల రాళ్లలో) సమర్‌స్కైట్ అనే ఖనిజం ఉంటుంది, అందులో యురేనియం ఉంది. పాత గని దిబ్బ మట్టిని సహజస్థాయిగా రాసుకుంటే పోలిక మొత్తం చెడుతుంది. అటు చీమకుర్తి నల్లరాయి పొడి తీసుకున్నా తప్పే. అది గ్రానైటు పేరుతో అమ్ముడుపోతుంది గానీ నిజానికి గ్యాబ్రో జాతి, సహజ రేడియోధార్మికతనిచ్చే పొటాషియం, థోరియం అందులో తక్కువ. పరీక్షించే పొలం ఎగువ గట్టు మట్టే దానికి సరైన పోలిక.

ల్యాబుమేడం (ఒంగోలు)

నీటి నమూనాల సంగతి నేను చెబుతాను. మూడు సీసాలు కావాలి, మూడింటి పద్ధతీ వేరు.

ట్రిటియం (హైడ్రోజన్‌కు రేడియోధార్మిక రూపం) కోసమైతే వడపోయక్కర్లేదు, యాసిడ్ వేయకూడదు. సీసా అంచు దాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. ల్యాబులో స్వేదనం చేసి, 8 మి.లీ. నీళ్లకు 12 మి.లీ. సింటిలేషన్ ద్రావణం (రేడియోధార్మికత తగిలితే మెరిసేది) కలిపి గంటల తరబడి లెక్కిస్తారు. చీకట్లో వెలిగే అంకెలున్న పాత చేతిగడియారం దగ్గర పెట్టుకుని నమూనా తీయకూడదనేది పాత నియమం, వాటి రంగులో ట్రిటియం ఉండేవీ ఉన్నాయి కాబట్టి ఇప్పటికీ పాటించవచ్చు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. 1968లో వేసినదాంట్లో ఇప్పటికి మిగిలింది నాలుగైదు శాతం. అయినా నీటి అణువులోనే ఉంటుంది కాబట్టి నీళ్లు ఎటు పోతే అటు పోతుంది, మట్టికి అంటుకోదు. భూగర్భజలం దారి చూపించేది అదే.

లోహాలకు, ప్లుటోనియం లాంటివాటికి: 0.45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఫిల్టరు, వెంటనే నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 లోపుకు దించడం. మూడోది యాసిడ్ లేకుండా వడపోసిన సీసా, క్లోరైడు, సల్ఫేటు, బ్రోమైడ్‌లకు.

బోరులెక్క (పొదిలి)

0.45లోంచి దిగింది కరిగినది, పైన ఆగింది మట్టి. అంతే కదా మేడం?

ల్యాబుమేడం (ఒంగోలు)

కాదండీ, లిటిల్ ఫారెస్ట్ పరిశోధనలో అసలు మెలిక అక్కడే ఉంది. వడపోసిన కందకపు నీళ్లలో లీటరుకు సుమారు 12 బెక్వెరెల్ ప్లుటోనియం వచ్చింది. కరిగిందనే అనుకుంటాం. తర్వాత ఆ నీటిని ఇంకా సన్నటి పొరల గుండా విడదీసి చూస్తే, ప్లుటోనియంలో 97.7 శాతం, అమెరీషియంలో 86.8 శాతం మైక్రాన్ కన్నా చిన్న కొల్లాయిడ్ రేణువులకు అంటుకుని ఉన్నాయి. అంటే 0.45 దాటి వచ్చినా అది కరిగినది కాదు. ప్లుటోనియం మట్టికి గట్టిగా అంటుకుంటుంది, కదలదు అని పుస్తకంలో ఉండేది నిజమే. అంటుకున్న రేణువే నీళ్లలో తేలి పోతుంటే అంటుకోవడం వల్ల ఒరిగేదేమిటి?

దీనికి తోడు ఇనుము. నిండిన కందకంలో ఆక్సిజన్ అయిపోతుంది, ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగి ఉంటుంది. అలాంటి నీళ్లను బకెట్‌తో తోడి, నిదానంగా సీసాల్లో పోసి, కారులో ల్యాబుకు తెచ్చి అప్పుడు వడపోస్తే ఏమవుతుందో చూడండి. తోడినప్పుడు అద్దంలా తేటగా ఉన్న నీళ్లు కొద్దిసేపటికి లేత పసుపు తిరుగుతాయి, తర్వాత సీసా అడుగున నారింజరంగు మడ్డి మేఘంలా దిగుతుంది. ఆ తుప్పు ప్లుటోనియంను కూడా తనతో లాక్కుపోతుంది. ల్యాబులో వడపోస్తే ఫిల్టరు మీద ఎర్రటి పొర, కింద శుభ్రమైన నీళ్లు. కందకంలో ఏమీ లేదని నివేదిక రాసేస్తారు. కాబట్టి పంపు గొట్టానికే ఫిల్టరు బిగించి, గాలి తగలకుండా, యాసిడ్ ముందే వేసిన సీసాలోకి నేరుగా పట్టాలి. చిన్న పెరిస్టాల్టిక్ పంపు (మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ నీళ్లు లాగేది) చాలు, నిమిషానికి 100–200 మి.లీ. మించకూడదు. బైలరు (నీళ్లు తోడే సన్న గొట్టం) వేసి పైకీ కిందికీ ఆడిస్తే లేని మట్టి లేస్తుంది.

నల్లరేగడి (కందుకూరు)

అయితే బ్రోమైడ్ వేసి ఏం తెలుస్తుంది మేడం? అది ట్రిటియం లాగే నీళ్లతో పోతుంది కదా.

ల్యాబుమేడం (ఒంగోలు)

సరిగ్గా అడిగారు. ఈ కందకం నీళ్ల సంగతి చెబుతుంది, ప్లుటోనియం సంగతి చెప్పదు. విద్యార్థులు నివేదికలో ఈ హద్దు స్పష్టంగా రాయాలి. రెండోదానికి కొంత దగ్గరగా పోవాలంటే కంకరలో రెండు మూడు కిలోల వరిగడ్డి కలపండి. కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది, ఇనుము కరుగుతుంది. వానకు ముందు, వాన రోజు, తర్వాత మూడు రోజులకు, పది రోజులకు ఫెర్రస్ ఇనుము కొలవండి. ఫినాంత్రోలిన్ వేస్తే నారింజ‑ఎరుపు వస్తుంది, 510 నానోమీటర్ల దగ్గర కలరీమీటరులో చూడాలి, అదీ పొలంలోనే. కొత్త వాన నీళ్లు ఆక్సిజన్ తెస్తాయి, ఇనుము తుప్పుగా పడుతుంది, మళ్లీ కరుగుతుంది. లిటిల్ ఫారెస్ట్‌లో కందకపు సూక్ష్మజీవుల మీద చేసిన పరిశోధన ఈ ఊగిసలాట చుట్టూనే తిరుగుతుంది. గడ్డి వేస్తే 432 లీటర్ల లెక్క కొంచెం తగ్గుతుంది, అది మళ్లీ వేసుకోండి.

ఉప్పుటేరు (ముత్తుకూరు)

రెండు విషయాలు, రెండూ మన తీరానికి సంబంధించినవి.

సముద్రపు నీటిలో బ్రోమైడ్ లీటరుకు 65 మి.గ్రా. పైనే. క్లోరైడులో సుమారు 0.35 శాతం. బోరు నీళ్లలో క్లోరైడు 1000 ఉంటే, అది సముద్రం ఉప్పే అయితే, బ్రోమైడ్ 3.5 ముందే ఉంటుంది. రొయ్యల గుంటల పక్కన ఈ పరీక్ష పెట్టొద్దు. ఎక్కడ పెట్టినా ముందు సహజస్థాయి కొలవండి. చవగ్గా దొరికే బ్రోమైడ్ ఎలక్ట్రోడ్ క్లోరైడు ఎక్కువుంటే తప్పు చూపిస్తుంది, అయాన్ క్రోమటోగ్రాఫ్ దొరికితే అదే మేలు.

రెండోది లాగర్, అంటే నీటిమట్టాన్ని దానంతటదే కొలిచి దాచుకునే పరికరం. గొట్టంలో వేసే సాధారణ పీడన లాగర్ నీళ్ల బరువుతోపాటు గాలి బరువు కూడా కొలుస్తుంది. ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనపు కొలమానం) అంటే 1.02 సెం.మీ. నీళ్లు. మామూలు రోజుల్లో పెద్ద తేడా రాదు. నవంబరులో వాయుగుండం తుపానై మన తీరం దాటేటప్పుడు పీడనం 20–25 హెక్టోపాస్కల్స్ పడిపోవచ్చు. కందకం నిండుతున్న సరిగ్గా ఆ గంటల్లోనే మీ లాగర్ మట్టం పాతిక సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. 1.2 మీటర్ల కందకంలో పాతిక సెంటీమీటర్లు అంటే పొర్లిందా లేదా అన్న ప్రశ్నకే జవాబు తారుమారు. రెండో లాగర్‌ను గాలిలో, పక్క చెట్టుకో స్తంభానికో నీడలో కట్టి, రెండింటి గడియారాలూ కలిపి, తీసివేత చేయాలి. విరామం 10 నిమిషాలు. గంటకోసారి పెడితే శిఖరం తప్పిపోతుంది. 2015, 2021 నవంబరు వరదల్లాంటి వానల్లో పొలంలోకి పోవడం కుదరదు, కాబట్టి ఆ రోజులు లాగర్ ఒక్కటే సాక్షి. బ్యాటరీ, మెమరీ అక్టోబరు మొదటి వారంలోనే చూసుకోండి.

లాగర్‌తో పాటు ఒక చవక ఉపాయం: గొట్టం లోపల సన్నటి కర్ర నిలబెట్టి, కార్కుపొడి కొంచెం వేయండి. నీళ్లు ఎంత ఎత్తు లేస్తే అక్కడ పొడి అంటుకుని గీత మిగులుతుంది.

బోరులెక్క (పొదిలి)

గొట్టం కూడా చెప్పేస్తాను. 50 మి.మీ. పీవీసీ, కింద 0.9 మీటర్ల దాకా హ్యాక్సా బ్లేడుతో సెంటీమీటరుకొక గాటు, ఎదురెదురుగా, గొట్టం మూడో వంతుకు మించి కోయకుండా. నైలాన్ దోమతెర రెండు చుట్లు. అసలు జాగ్రత్త పైన: కప్పు మట్టి గొట్టాన్ని తాకేచోట బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) 20 సెం.మీ. మందం వేసి తడిపి కూరాలి. అది వేయకపోతే వాన నీళ్లు గొట్టం అంచు వెంటే జారి లోపలికి దిగుతాయి, మీరేమో కప్పులోంచి ఇంకాయని రాసుకుంటారు. పైన మూతకు చిన్న రంధ్రం ఉండాలి, లేకపోతే లోపల గాలి బిగుసుకుని మట్టం లేవదు.

న్యూయార్క్ రాష్ట్రంలో వెస్ట్ వ్యాలీ కందకాలు 1975లో నిండి కప్పులోంచి ఊరాయి, ఆ ఏడే అక్కడ పూడ్చడం ఆపేశారు. కెంటకీలో మాక్సీ ఫ్లాట్స్‌లో 1963 నుంచి 1977 దాకా పూడ్చారు, అక్కడా ఇదే గొడవ, కందకాల్లో చేరిన నీళ్లు తోడాల్సి వచ్చింది. మూడు చోట్లా బిగువైన నేలనే ఏరికోరి ఎంచుకున్నారు. అందుకే దిగువ బోర్లు మాత్రమే చూసి ఊరుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. బోరులో ఏమీ రాకపోవచ్చు, పైన గడ్డి మొదళ్లలో ఉండొచ్చు.

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా, బ్రోమైడ్ ఎంత, ఎట్లా వేయాలి? నీళ్లలో కలిపి పైనుంచి పోస్తే సరిపోతుందా?

ల్యాబుమేడం (ఒంగోలు)

పోయకండి. పొడి కందకంలో పోస్తే అడుక్కి దిగి, నెర్రెల్లోంచి బయటికి పోతుంది. కందకం నిండేనాటికి లోపల ఏమీ ఉండదు. నిజమైన వ్యర్థం లాగా కొంచెం కొంచెంగా వదలాలి.

నిండిన కందకంలో లీటరుకు 200 మి.గ్రా. కావాలంటే 432 లీటర్లకు 86 గ్రాముల బ్రోమైడ్. పొటాషియం బ్రోమైడ్‌లో మూడింట రెండొంతులే బ్రోమైడ్ కాబట్టి 129 గ్రాములు తూచాలి. లీటరున్నర నీళ్లలో కరిగించి, పది కిలోల ఎండు ఇటుక ముక్కల మీద తిప్పుతూ పోయండి, మొత్తం పీల్చుకుంటాయి. నీడలో ఆరబెట్టి, కంకర సగం ఎత్తుకు వచ్చాక ఆ ముక్కల్ని కందకం పొడవునా సమంగా పరిచి, మిగతా కంకర వేయండి. ముక్కలు పరిచిన చేతులతో, అవే గ్లవ్స్‌తో పైమట్టి ముట్టుకోకూడదు, ఆ రోజే ఉపరితలంలో బ్రోమైడ్ పడితే తర్వాత పొర్లిందో లేదో తేల్చలేరు. కప్పు వేసిన మర్నాడు వాన పడకముందే 0–1 సెం.మీ. మట్టి అన్ని చోట్లా తీసి దాచండి. మట్టిలో బ్రోమైడ్ చూడాలంటే 20 గ్రాముల మట్టికి 100 మి.లీ. స్వేదనజలం, గంటసేపు ఊపి వడపోస్తే చాలు.

చుట్టూ కంచె వేయించండి, పశువులు తాగకుండా. తాగునీటి బోర్లకు, చెరువుకు దూరంగా ఉన్న పొలమే ఎంచుకోండి, రైతు దగ్గర అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

నల్లరేగడి (కందుకూరు)

ఇటుక కాల్పు సరిగా లేనిదైతే నానగానే మట్టైపోతుందన్నా. బాగా కాలిన ఎర్రటి ముక్కలే ఏరుకోండి, ముందురోజు ఒకటి నీళ్లలో వేసి తెల్లారి గట్టిగా ఉందో లేదో చూసి వాడండి.